ఆపరేటర్ బాబాయి, ఇద్దరు అటిల్లాలు

మొన్న మా వీధిలో ఎవరో గేటు మార్పిస్తుంటే వెల్డింగ్ వాళ్ళు వచ్చారు. పొద్దున్నే పాలప్యాకెట్లు తెచ్చుకుంటూ అటు వెళ్ళాను. నీలిమంట చిటపటమన్నప్పుడల్లా గాలిలో ఒక ఘాటు వాసన, ముక్కులోంచి నేరుగా నుదుటికెక్కేది. పక్కింటావిడ కొంగు అడ్డం పెట్టుకుని గబగబా లోపలికి వెళ్ళిపోయింది. నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. అది మా బాబాయి చొక్కా వాసన.

బాబాయి తెనాలిలో ఒక సినిమా హాల్లో ఆపరేటరు. పోయి ఏడాది కావస్తోంది. ఆయన బతికుండగా ఈ సంగతులు రాసి చూపిస్తే బాగుండేది గానీ, చూపిస్తే "నా గురించి ఏం రాస్తావురా, ఆ సోఫియా లారెన్ గురించి రాయి" అనేవాడు. కాబట్టి ఆయన గురించీ, ఆ ఇటలీ సినిమా తార గురించీ కూడా రాస్తున్నాను.

అప్పట్లో ప్రొజెక్టరుకి ఇప్పటిలా బల్బు లేదు. రాగిపూత పూసిన రెండు కార్బన్ కడ్డీలు ఎదురెదురుగా పెట్టి, వాటి మధ్య మంట రాజేస్తే ఆ వెలుగే తెరమీద బొమ్మయ్యేది. మండేకొద్దీ కడ్డీలు అరిగిపోతాయి, మధ్య సందు పెరుగుతుంది, తెరమీద వెలుగు పసుపుపచ్చగా దిగిపోతుంది. అప్పుడు హాల్లోంచి ఈలలు. బాబాయి నల్లద్దంలోంచి మంటని చూస్తూ మరని కొద్దికొద్దిగా తిప్పుతూ ఉండేవాడు. ఇరవై నిమిషాలకోసారి రీలు మారాలి. తెరమీద కుడివైపు పైమూల చిన్న గుండ్రటి చుక్క మెరుస్తుంది. మొదటి చుక్కకి రెండో మిషను మోటారు ఆన్ చెయ్యాలి, రెండో చుక్కకి బొమ్మ మార్చాలి. హాల్లో అన్ని వందలమంది కూర్చుని చూస్తున్నా ఆ చుక్క ఒక్కరికీ కనిపించేది కాదు. నాకు ఇప్పటికీ పాత సినిమా ఏది చూసినా హీరోయిన్ ముఖంకంటే ముందు ఆ మూలే కనిపిస్తుంది.

కేబిన్లో పిల్లల్ని ఉంచకూడదని రూలు. బాబాయి నన్నూ, వాళ్ళబ్బాయినీ, అంటే మా తమ్ముణ్ణీ, రీళ్ళ డబ్బాల మీద నిలబెట్టి గోడలోని చిన్న కిటికీలోంచి చూడమనేవాడు. ఒక కంటికి సరిపడా కిటికీ అది. నా ప్రపంచ చరిత్రంతా ఆ కంతలోంచి వచ్చిందే.

*

ఆదివారం మార్నింగ్ షో ఇంగ్లీషు సినిమా. రేటు తక్కువ, జనం ఎక్కువ. కాలేజీ కుర్రాళ్ళు, రైల్వే గార్డులు, బోసు రోడ్డులో వారమంతా కొట్లు తెరిచి ఆదివారం మూసేసేవాళ్ళు, ఇంట్లో చెప్పకుండా వచ్చిన మాలాంటివాళ్ళు. ఊరిని ఆంధ్రా పారిస్ అంటారు గదా, ఆ మాత్రం ఇంగ్లీషు సినిమా చూడకపోతే ఎట్లా అనేది ఒక వాదన. శనివారం రాత్రికి విజయవాడ నుంచి బాక్సు రావాలి. గాంధీనగర్లో ఆఫీసులున్న పంపిణీదారులు ఏది పంపితే అదే సినిమా. పోస్టరు మీద ఒకటుంటే లోపల ఒకటుండేది.

మేనేజరుగారు ఫోన్లో అడిగేది ఒకే ప్రశ్న: "కత్తులున్నాయా?" కత్తులుంటే నేల టికెట్లు నిండుతాయి. కౌబాయ్ సినిమా అయితే మరీ మంచిది. అది దొరక్కపోతే రోమ్. ఆ లెక్కన మా ఊరికి రోమ్ సామ్రాజ్యం చాలాసార్లు వచ్చింది. అంతా పాత ప్రింట్లు. గీతలు పడి, అతుకులు ఊడి, ఒక్కోచోట మనిషి గుర్రమెక్కబోతాడు, మరుక్షణం గుర్రం దిగి భోజనం చేస్తుంటాడు. ఆ మధ్యలోది ఏ ఊళ్ళో కత్తిరించారో తెలియదు.

మాటలు ఎవరికీ అర్థమయ్యేవి కావు. అయినా కథ ఆగేది కాదు. మంచివాడెవడో చెడ్డవాడెవడో కనుక్కోవడానికి జానపద సినిమాల తర్ఫీదు చాలు. ఎర్ర అంగీ వేసుకుని, గెడ్డం లేకుండా, మెట్ల మీద నిలబడి మాట్లాడేవాడు మంత్రి, వాడు మోసం చేస్తాడు. బొచ్చు తోలు కప్పుకుని, మీసం కిందకి వేలాడేసుకుని, మాంసం పళ్ళతో పీకేవాడు రాజనాల. హీరోయిన్ని ఎత్తుకుపోయేది వాడే.

ఐదో శతాబ్దంలో రోమ్‌ని వణికించిన హూణుల రాజు అటిల్లాని మొదటిసారి చూసినప్పుడు హాలంతా ముక్తకంఠంతో "రాజనాలరా!" అంది.

*

ఆ రోజు ఇంకో గొడవ కూడా జరిగింది. సినిమా 1954లో వచ్చిన 'సైన్ ఆఫ్ ది పేగన్'. అటిల్లాగా జాక్ పలాన్స్. సినిమాస్కోప్ ప్రింటు. స్కోప్ అంటే ఫిలిమ్ మీద బొమ్మని పక్కలనుంచి నొక్కి తీస్తారు. ప్రొజెక్టరుకి ఇంకో లెన్సు తగిలిస్తే అది మళ్ళీ వెడల్పుగా పరుచుకుంటుంది. ఆ లెన్సు తగిలించడం మర్చిపోతే మనుషులు నిలువునా సాగిపోతారు. ఆ ఆదివారం బాబాయి తొందరలో ఉన్నాడు, బాక్సు పొద్దున్న రైలుకి గానీ రాలేదు. మొదటి రీలు లెన్సు లేకుండానే ఎక్కించేశాడు. తెరమీద హూణులు కొబ్బరిచెట్ల ఎత్తున, సన్నగా, కడ్డీల్లాంటి కాళ్ళున్న గుర్రాల మీద దౌడు తీస్తున్నారు. హాల్లో నవ్వులు, ఈలలు, చెప్పుల చప్పుడు. గేట్‌కీపరు మెట్లెక్కి పరిగెత్తుకొచ్చి "ఏంటండీ, సన్నబడిపోయారు వాళ్ళు!" అన్నాడు. బాబాయి తాపీగా లెన్సు తీసి, పంచెతో తుడిచి, తగిలించాడు. అటిల్లా ఒక్కసారి వొళ్ళు చేశాడు. జనం చప్పట్లు కొట్టారు. ఆ సినిమాలో అటిల్లాకి దక్కిన చప్పట్లు అవే.

చివర్లో ఇల్డికో అనే అమ్మాయి అతన్ని కత్తితో పొడిచేస్తుంది. అది మా మనసులో పడిపోయింది. హూణుల రాజు ఆడదాని చేతిలో చచ్చాడు అని బళ్ళో అందరికీ చెప్పేశాం.

*

తర్వాత కొన్నాళ్ళకి ఇంకో అటిల్లా వచ్చాడు. అదీ 1954లో తీసిందే, ఇటలీవాళ్ళది. ఈసారి ఆంథొనీ క్విన్. రోమ్ చక్రవర్తి అక్క హొనోరియాగా సోఫియా లారెన్. బాబాయి ఆ వారమంతా మీసం దువ్వుకుంటూ కనిపించాడు. పిన్ని కనిపెట్టింది కూడా.

ఒకే మనిషి రెండు సినిమాల్లో రెండు ముఖాలతో ఉండటం మాకు ఇబ్బంది కాలేదు, కృష్ణుడి వేషం ఇద్దరు ముగ్గురు వేయలేదా. ఈ రెండో అటిల్లా చావలేదు. రోమ్ మీదకి వస్తుంటే పోప్ లియో తెల్లబట్టల్లో ఎదురొస్తాడు, అటిల్లా వెనక్కి తిరిగిపోతాడు. ఎందుకు తిరిగిపోయాడో ఆ ఇంగ్లీషులో చెప్పారేమో మాకు తెలియలేదు. బాబాయి తన వ్యాఖ్యానం తను చెప్పాడు: "పెద్దాయన వచ్చి అడిగాడురా. ఎంతటోడైనా కాదనలేడు."

అసలు చిక్కు తర్వాత వచ్చింది. 'ది ఫాల్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్' అని ఇంకో పెద్ద సినిమా. అందులోనూ సోఫియా లారెనే. ఈసారి మార్కస్ ఆరేలియస్ అనే ముసలి చక్రవర్తి కూతురు లుసిల్లా. మా తమ్ముడు వెంటనే లెక్క తేల్చేశాడు. ఆమె అటిల్లా దగ్గర్నుంచి పారిపోయి పుట్టింటికొచ్చింది, నాన్నతో చెప్పుకుంటోంది! మార్కస్ ఆరేలియస్ పోయింది 180లో, హొనోరియా అటిల్లాకి ఉంగరం పంపింది 450లో. మధ్య 270 ఏళ్ళు. సోఫియా లారెన్ చీర మార్చుకున్నంత తేలిగ్గా వాటిని దాటేసింది.

దీనికి పరాకాష్ఠ 'బరబ్బాస్'. ఏసుక్రీస్తు బదులు విడుదలైన దొంగ కథ. అందులో బరబ్బాస్ ఆంథొనీ క్విన్. అతను గ్లాడియేటరయి, బరిలో ఒక భయంకరమైనవాడితో పోట్లాడతాడు. ఆ భయంకరమైనవాడు ఎవరనుకున్నారు? జాక్ పలాన్స్! మా ఊరి నేల టికెట్టుకి తెలిసిన ఇద్దరు అటిల్లాలూ ఒకే బరిలో, చుట్టూ రోమ్ జనం అరుస్తుండగా. నేను కిటికీలోంచి తల తిప్పి "బాబాయ్, వీళ్ళిద్దరూ ఒకడే కదా!" అన్నాను. బాబాయి కార్బన్ సరిచేసుకుంటూ "అందుకేరా గట్టిగా కొట్టుకుంటున్నారు" అన్నాడు. ఆ సినిమాలో సిలువ వేసేటప్పుడు ఆకాశం చీకటి పడుతుంది. అది ట్రిక్కు కాదు, 1961 ఫిబ్రవరిలో పట్టిన నిజం సూర్యగ్రహణమే కెమెరాలో పట్టారు. అప్పుడు ఆ సంగతి తెలిసుంటే బాబాయి కేబిన్లోనే దర్భ వేసుకునేవాడు.

*

ఈ గందరగోళపు చిట్టడవిలో దారి చూపించింది మా సోషల్ మాస్టారు. సన్నగా, ఎప్పుడూ తెల్ల ఖద్దరు చొక్కాలో ఉండేవారు. మేం ఆదివారాలు ఎక్కడికి పోతామో ఆయనకి తెలుసు, ఎందుకంటే ఆయనా బాల్కనీలో కూర్చునేవారు. కానీ బళ్ళో ఎప్పుడూ ఒప్పుకోలేదు. "మొన్న ఎవరో ఏదో సినిమాలో చూపించారట" అని మొదలుపెట్టేవారు.

గుప్తుల పాఠం వచ్చిన రోజు. పుస్తకంలో హూణుల దండయాత్రలు అని రెండు పేరాలు. స్కందగుప్తుడు వాళ్ళని ఓడించాడు. తర్వాత తోరమాణుడు, అతని కొడుకు మిహిరకులుడు. మిహిరకులుణ్ణి మాళవంలో యశోధర్ముడు ఓడించి మందసోర్ దగ్గర స్తంభాలు నిలబెట్టాడు. మా తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, ఈ మిహిరకులుడు అటిల్లాకి ఏమవుతాడండీ?"

క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వలేదు. "దీని మీద పెద్దపెద్దవాళ్ళే దెబ్బలాడుకుంటున్నార్రా. ఒకే జాతి రెండు కొమ్మలంటారు కొందరు. పేరొకటే, మనుషులు వేరంటారు ఇంకొందరు. కూర్చో, మంచి ప్రశ్న" అన్నారు. మంచి ప్రశ్న అనిపించుకోవడం మా ఇంటావంటా లేదు. తమ్ముడు వారం రోజులు ఛాతీ విరుచుకుని తిరిగాడు. ఆ సాయంత్రం స్టాఫ్ రూములో తెలుగు పండితులవారు ఇంకో ముడి వేశారట. రఘువంశం నాలుగో సర్గలో రఘుమహారాజు దిగ్విజయానికి పోయి హూణుల్ని గెలుస్తాడు, కాళిదాసుకే తెలుసు ఈ హూణులు అని. మాస్టారు మర్నాడు వచ్చి మాకు చెప్పారు. అటిల్లాకీ కాళిదాసుకీ మధ్య ఇంత దగ్గర చుట్టరికం ఉంటుందని ఎవరనుకుంటారు.

ఇల్డికో పొడిచిన సంగతి చెబితే మాత్రం ఆయన తల అడ్డంగా ఊపారు. అటిల్లా పెళ్ళిరోజు రాత్రి బాగా తాగి పడుకుని, ముక్కులోంచి రక్తం కారి గొంతుకి అడ్డంపడి చనిపోయాడని చెప్పారు, 453లో. మాకు చాలా నిరాశగా ఉంది. అంతటి ప్రపంచ విజేత ముక్కులోంచి రక్తం కారి పోవడమేమిటి! చాలా ఏళ్ళ తర్వాత నేను చదివినదాన్నిబట్టి చూస్తే, భార్య చేతి కత్తికే చచ్చాడని రాసినవాడూ ఒకడున్నాడు, మార్సెల్లినస్ అని, ఆరో శతాబ్దంవాడు. అంటే సినిమావాళ్ళు గాల్లోంచి తీయలేదు. వినడానికి బాగున్న కథని ఎంచుకున్నారు. మాస్టారు ఉండగా ఈ పాయింటు దొరికుంటే బాగుండేది.

మాస్టారు మాకిచ్చిన అసలైన కానుక ప్రిస్కస్. 449లో తూర్పు రోమ్ రాజధాని కాన్‌స్టాంటినోపుల్ నుంచి అటిల్లా దగ్గరికి రాయబారం వెళ్ళినప్పుడు వెంట వెళ్ళినవాడు, కళ్ళారా చూసి రాసినవాడు. ఒకరోజు ఆఖరి పీరియడు, బయట వాన, కరెంటు లేదు. మాస్టారు పుస్తకం మూసేసి ఆ విందు కథ చెప్పారు. పొడుగాటి చెక్క మందిరం. వచ్చినవాళ్ళందరికీ వెండి పళ్ళేలలో రకరకాల వంటకాలు, బంగారు, వెండి గిన్నెలలో పానీయం. అటిల్లా ముందు మాత్రం చెక్కపళ్ళెం, చెక్కగిన్నె. ఒంటి మీద నగలేమీ లేవు, శుభ్రమైన మామూలు బట్టలు. దివిటీలు వెలిగించాక ఇద్దరు గాయకులు వచ్చి అతని విజయాలు పాడితే ముసలివాళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. తర్వాత ఒక విదూషకుడొచ్చి అందర్నీ పొట్టచెక్కలయ్యేలా నవ్వించాడు. అటిల్లా ఒక్కడే కదలకుండా కూర్చున్నాడు. చిన్నకొడుకు ఎర్నాక్ లోపలికి వచ్చినప్పుడు మాత్రం వాణ్ణి దగ్గరికి తీసుకుని, బుగ్గ పట్టుకుని, మెత్తగా చూశాడట.

క్లాసులో చప్పుడు లేదు. వెనక బెంచీవాడు ఒకడు "మరి సినిమాలో అట్లా లేదండీ" అన్నాడు. "చెక్కపళ్ళెంలో తినేవాణ్ణి చూడ్డానికి టికెట్టు ఎవడు కొంటాడ్రా" అన్నారు మాస్టారు.

ఆయనే ఇంకో మాట చెప్పారు. అక్కడ ప్రిస్కస్‌కి హూణుల వేషంలో ఉన్న ఒకడు గ్రీకు భాషలో నమస్కారం చెప్పాడట. యుద్ధంలో పట్టుబడిన వర్తకుడు. పోరాడి స్వేచ్ఛ సంపాదించుకుని, అక్కడే పెళ్ళి చేసుకుని ఉండిపోయాడు. రోమ్‌లో పన్నులు భరించలేమనీ, కోర్టులో డబ్బున్నవాడికి శిక్ష పడదనీ, ఇక్కడే సుఖంగా ఉందనీ ప్రిస్కస్‌తో వాదించాడు. నేను చూసిన సినిమాలన్నిటిలోనూ గోడకి ఇవతల రోమ్, అవతల హూణులు. ఇతను ఏ గోడకి ఎటువైపో నాకు అప్పుడు అర్థం కాలేదు. పెద్దయ్యాక తెలిసిందేమిటంటే ఆ గోడ రెండువైపులా ఇట్లాంటివాళ్ళే. 451లో గాల్‌లో, అంటే ఇప్పటి ఫ్రాన్సులో, అటిల్లాని ఎదుర్కొని నిలిపేసిన రోమ్ సేనాని ఏటియస్ చిన్నప్పుడు హూణుల దగ్గరే బందీగా పెరిగాడు. పశ్చిమ రోమ్ ఆఖరి చక్రవర్తిగా 476లో గద్దె దిగిన రోములస్ అగస్టులస్ కన్నతండ్రి ఒరెస్టెస్, ఒకప్పుడు అటిల్లా దగ్గర లేఖకుడిగా పనిచేసినవాడే. దీన్ని సినిమా తీస్తే మా ఊళ్ళో ఎవరు రాజనాలో తేల్చుకోలేక చచ్చేవాళ్ళు.

*

'బెన్‌హర్' మా ఊరికి రాలేదు. అది విజయవాడలో మళ్ళీ వేశారని తెలిసి బాబాయి మా ఇద్దర్నీ ప్యాసింజరు రైల్లో తీసుకెళ్ళాడు. ఇంగ్లీషు సినిమాలకి పేరుమోసిన లీలామహల్. పదకొండు ఆస్కార్లు వచ్చిన సినిమా అని దారి పొడుగునా చెబుతూనే ఉన్నాడు. రథాల పందెం గురించి అందరూ రాశారు, నేను రాయను. నాకు మిగిలిపోయింది ఓడలో తెడ్లు వేసే సీను. గొలుసులతో కట్టేసిన ఖైదీలు, ముందు కూర్చుని చెక్క సుత్తులతో తాళం వేసేవాడు. మెల్లిగా, ఇంకొంచెం వేగంగా, ఇంకా వేగంగా. ఆ చప్పుడు నా పక్కటెముకల్లో మోగింది.

సోమవారం బళ్ళో బెంచీలు ఓడయ్యాయి. గట్టిగా ఉన్నవాళ్ళందరూ తెడ్లు. వెనక ఒకడు డస్టరుతో బల్ల మీద తాళం. మాస్టారు లోపలికి వచ్చి, అంతా చూసి, "రోమ్ ఓడల్లో తెడ్లు వేసేది ఎక్కువగా జీతాలు తీసుకునే స్వతంత్రులే, ఖైదీలు కాదు. ఇప్పుడు మీరు ఖైదీలు" అని అందర్నీ మధ్యాహ్నం దాకా నిలబెట్టారు.

రోమ్‌లో బానిసల తిరుగుబాటు కథ 'స్పార్టకస్' మాత్రం మా ఊరికే వచ్చింది, నాలుగో రీలు బదులు ఏడోది ఎక్కి. స్పార్టకస్ సైన్యం కూడగట్టుకుని పెద్ద పోరాటం చేసేశాక, మళ్ళీ గ్లాడియేటర్ల బడిలో కత్తి తిప్పడం నేర్చుకుంటున్నాడు. హాల్లో ఎవరికీ తేడా తెలియలేదు. ఒక రైల్వే గార్డుగారు మాత్రం ఇంటర్వెల్లో వచ్చి "ఫ్లాష్‌బ్యాకు బాగా వేశారు" అన్నారు. చివర్లో స్పార్టకస్‌ని సిలువ వేస్తారు. నిజానికి అతని శవం ఎవరికీ దొరకలేదు. పట్టుబడిన ఆరువేలమందిని కపువా నుంచి రోమ్ దాకా అప్పియన్ దారి పక్కన వరసగా సిలువ వేశారన్నది మాత్రం చరిత్రే. తెనాలి నుంచి విజయవాడకి ముప్పై చిల్లర కిలోమీటర్లు. ఆ సిలువలు దానికి ఆరింతల దూరం ఉన్నాయని మాస్టారు లెక్క వేయించారు. లెక్కల పీరియడులో ఎప్పుడూ రాని నిశ్శబ్దం అప్పుడు వచ్చింది.

*

బిట్ల సంగతి చెప్పకపోతే ఇది పూర్తికాదు. ఫిలిమ్ తెగినప్పుడు పాడైన ముక్క కత్తిరించి, రెండు చివర్లూ గీకి, సిమెంటు రాసి అతికించేవారు. దాన్ని సిమెంటనేవారు గానీ అదొక మందు. గోళ్ళరంగు తుడిచే మందు వాసన వచ్చేది. కత్తిరించిన బిట్లు మాకు. బళ్ళో వాటికి మారకపు రేట్లుండేవి. ఎన్టీఆర్ బిట్టు ఒకటిస్తే రోమ్ బిట్లు నాలుగు. నేను రోమ్ బిట్లే కొనేవాణ్ణి. చవకని కాదు, వాటిలో మనుషులు ఎక్కువమంది ఉండేవాళ్ళు.

మాడిపోయిన బల్బు అడుగు జాగ్రత్తగా కొట్టి, లోపలి తీగెలు తీసేసి, నీళ్ళు నింపితే అది లెన్సు. అద్దం ముక్కతో ఎండని కిటికీ సందులోంచి లోపలికి తిప్పాలి. మధ్యలో బిట్టు తలకిందులుగా పట్టుకుంటే సున్నం గోడ మీద రంగుల బొమ్మ. నా దగ్గర ఒక బిట్టు ఉండేది: మంచులో వరసగా నిలబడ్డ రోమ్ సైనికులు, వెనక కోట, ముందు కాగడా. మేము మంచు చూసింది అందులోనే. పిన్ని మంచంమీద పడుకుని ఆ గోడకేసి చూసి "ఆ ఊళ్ళో బట్టలెట్లా ఆరతాయిరా" అనేది.

*

2000లో 'గ్లాడియేటర్' వచ్చినప్పుడు నేను హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. బాబాయి కళ్ళు చూపించుకోవడానికి వచ్చాడు. సికింద్రాబాద్ సంగీత్‌కి తీసుకెళ్ళాను. మొదటి సీను, జర్మేనియా అడవి, మంచు, ముసలి మార్కస్ ఆరేలియస్. పది నిమిషాలకల్లా బాబాయి నా మోచేయి పట్టుకున్నాడు. "ఒరేయ్, ఇది మనం వేసిందే!" అన్నాడు. వెనకవాళ్ళు ఉష్ అన్నారు. ఆయన తగ్గలేదు. "ముసలాయన్ని చంపుతారు చూడు. కొడుకు రాజవుతాడు. సోఫియా లారెన్ ఎక్కడ?"

అంతా నిజమే. 1964లో వచ్చిన 'ది ఫాల్ ఆఫ్ ది రోమన్ ఎంపైర్'లోనూ, ఇందులోనూ మార్కస్ ఆరేలియస్‌ని చంపేస్తారు. చరిత్రలో ఆయన జబ్బుతో పోయినట్టే ఎక్కువమంది చెబుతారు. రెండిట్లోనూ కొడుకు కొమ్మోడస్ హీరోతో ద్వంద్వ యుద్ధంలో చస్తాడు. నిజంలో 192 డిసెంబరు 31న, అతనితో కుస్తీ పట్టే నార్సిసస్ అనేవాడు గొంతు నులిమి చంపాడు. బాబాయికి చరిత్రతో పనిలేదు. కథ గుర్తుపట్టిన ఆనందం ఆయనది. ఇంటర్వెల్లో సమోసా పట్టుకుని వెనక్కి తిరిగి కేబిన్ కిటికీ వైపు చాలాసేపు చూశాడు. "కార్బన్ లేదు. వెలుగు కదలటంలేదు చూశావా, స్థిరంగా ఉంది. గ్జీనాన్ దీపం. ఆపరేటరు పేపరు చదువుకోవచ్చు" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో తెలియలేదు.

*

తర్వాత కొన్నేళ్ళకి ఆఫీసు పని మీద బుడాపెస్ట్ వెళ్ళాల్సి వచ్చింది. మొదటి రోజు పొద్దున్న కాఫీ మిషను దగ్గర ఒక బక్కపలచని కుర్రాడు చెయ్యి చాపి, "నా పేరు అటిల్లా" అన్నాడు. కళ్ళద్దాలు, స్వెట్టరు, భుజాన ల్యాప్‌టాప్ బ్యాగు. నాకు నవ్వాగలేదు. తర్వాత చూస్తే మా అంతస్తులోనే ఇంకో అటిల్లా ఉన్నాడు, పేరోల్‌లో. హంగరీలో అది మనకి శ్రీనివాస్ అంత మామూలు పేరు. వాళ్ళ పెద్ద కవుల్లో ఒకరి పేరే అటిల్లా యోజెఫ్. నేను చూసిన సినిమాల సంగతి చెబితే ఆ కుర్రాడు ఓపిగ్గా విన్నాడు. మగ్యార్లు, అంటే హంగరీవాళ్ళు, హూణులు కాదనీ, కొన్ని వందల ఏళ్ళ తర్వాత వచ్చారనీ, అయినా పాత కథల్లో అటిల్లాని తమవాడిగానే చెప్పుకుంటారనీ చెప్పాడు. "మీ సినిమాల్లో మాంసం చేత్తో తింటాడా?" అని అడిగాడు. ఆ మధ్యాహ్నం మేమిద్దరం కోడికాళ్ళు చేత్తోనే తిన్నాం.

ఆ ఆదివారం అతనే ఊరి ఉత్తరాన ఉన్న అక్వింకుమ్ తీసుకెళ్ళాడు. డాన్యూబ్ ఒడ్డున రోమ్ వాళ్ళ సరిహద్దు పట్టణం. స్నానాల గదుల పునాదులు, నీటి కాలవలు, పక్కనే గుండ్రటి గ్లాడియేటర్ల బరి, గడ్డి మొలిచి. మార్కస్ ఆరేలియస్ తన ఆఖరి ఏళ్ళు చాలావరకు ఈ నది వెంట యుద్ధాల్లోనే గడిపాడు. నా బల్బు సినిమాలోని మంచు ఈ ప్రాంతానిదే, తీసింది స్పెయిన్‌లో అయినా. అక్కడ అటిల్లా అనే పేరుగల మనిషి నాకు రోమ్ శిథిలాలు చూపిస్తూ, టికెట్టు తనే కొని, "జాగ్రత్త, రాళ్ళు జారతాయి" అంటున్నాడు. వెంటనే బాబాయికి ఫోన్ చేశాను. "ఎవరితో ఉన్నావురా?" అన్నాడు. చెప్పాను. కాసేపు మాట లేదు. తర్వాత "లావుగా ఉన్నాడా, సన్నగానా?" అన్నాడు.

సన్నగానే ఉన్నాడని చెప్పాను. "లెన్సు పెట్టలేదన్నమాట" అని ఫోన్లోనే పడీపడీ నవ్వాడు.

*

మాస్టారు చెప్పినవాటిలో ఒకటి నేను ఆలస్యంగా చూశాను. పిన్ని పుట్టిల్లు కృష్ణా జిల్లాలో ఘంటసాల దగ్గర. చిన్నప్పుడు వేసవికి వెళితే మాకు అక్కడ మామిడికాయలే కనిపించాయి. రోమ్ కాలపు గ్రీకు భూగోళకారుడు టాలెమీ రాసిన కొంటకొస్సిల అనే రేవు ఆ ఊరేనంటారు. ఆ కాలపు నావికుల పుస్తకం పెరిప్లస్‌లో మసాలియా అని మన మచిలీపట్నం తీరం ఉంది, అక్కడ తయారయ్యే సన్నటి నూలుబట్టల ప్రస్తావనతో. ఇండియా సరుకుల కోసం ఏటా ఐదు కోట్ల సెస్టర్సులు, అంటే రోమ్ నాణేలు, పోతున్నాయని రోమ్ రచయిత ప్లీనీ ఏడ్చాడు. నల్గొండ జిల్లాలో కుండలకొద్దీ రోమ్ నాణేలు దొరికాయి. సోఫియా లారెన్ కట్టుకున్న ఆ పల్చటి బట్ట మన రేవులోంచే వెళ్ళిందని బాబాయికి చెబితే, "చెప్పొద్దూ, నాకు అప్పుడే అనుమానమొచ్చింది" అన్నాడు.

*

మా తమ్ముడి కూతురు ఇంజనీరింగ్ చదువుతోంది. 2024లో వచ్చిన 'గ్లాడియేటర్ 2' చూసొచ్చి ఫోన్ చేసింది.

"పెదనాన్నా, కొలోసియంలో నీళ్ళు నింపి సొరచేపల్ని వదలడం నిజమేనా?"

"నీళ్ళు నింపి ఓడల పోరాటం చేయించారని పాతవాళ్ళు రాశారు. టైటస్ చక్రవర్తి కొలోసియం తెరిచినప్పుడు, 80లో. సొరచేపలు మాత్రం డైరెక్టరువి."

"అయితే సగం కరెక్టు. తాతయ్య వేసిన వాటిలో హూణుల సినిమాలు ఉండేవటగా. అందులో అటిల్లా హీరోనా?"

"విలన్. రెండిట్లోనూ."

"హీరోగా ఎవరూ తీయలేదా?"

తీశారు. 2001లో టీవీ కోసం తీసినదాంట్లో జెరార్డ్ బట్లర్ అటిల్లా, అతనే హీరో. ఆ సంగతి నేను చెబుతుండగానే అవతల టైపు చేస్తున్న చప్పుడు వినబడింది. కాసేపటికి నిట్టూర్చింది.

"దొరికింది. కానీ వీడేంటి పెదనాన్నా, షాంపూ యాడ్‌కి వచ్చినవాడిలా ఉన్నాడు!"